థండర్‌బర్డ్‌లో పీజీపీ పెట్టుకున్నాను, నాకొచ్చిన మెయిల్ నాకే తెరుచుకోవడం లేదు

బ్రాడీపేట_జూనియర్
గుంటూరులో ఒక సీనియర్ లాయర్ గారి దగ్గర జూనియర్‌ని. మా క్లయింట్ ఒకాయన న్యూజెర్సీలో ఉంటారు. ఇక్కడ అన్నదమ్ముల మధ్య పొలం పంపకాల దావా నడుస్తోంది. పాస్‌పోర్ట్, పాన్, జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) డ్రాఫ్ట్, బ్యాంకు స్టేట్‌మెంట్లు అన్నీ ఆయన మెయిల్‌లోనే పంపాలి. ఇంతకుముందు పంపిన ఆధార్ కాపీ ఎవరెవరి చేతులు మారిందో ఏమో, చివరికి వాళ్ళ బంధువుల వాట్సాప్ గ్రూపులో తేలింది. అప్పటినుంచి "పీజీపీ పెట్టుకుంటేనే కాగితాలు" అని భీష్మించుకు కూర్చున్నారు. పీజీపీ అంటే మెయిల్‌కే తాళం వేసి పంపే పద్ధతి అట.

యూట్యూబ్‌లో వీడియో చూసి మొదలుపెట్టాను. అందులో ఎనిగ్‌మెయిల్ అనే యాడ్-ఆన్ వేసుకోమన్నారు, అది ఎక్కడా దొరకలేదు. తంటాలు పడి, నేను వాడే మెయిల్ ప్రోగ్రామ్ థండర్‌బర్డ్ సెట్టింగ్స్‌లోనే కీ తయారుచేసి, పబ్లిక్ కీ ఆయనకు పంపాను. మొదటి వారం అంతా బాగానే నడిచింది. నిన్న మూడు మెయిల్స్ వచ్చాయి. తెరిస్తే, ఈ మెయిల్ విప్పడానికి కావలసిన సీక్రెట్ కీ లేదు అంటోంది. సబ్జెక్టు స్థానంలో మూడు చుక్కలు తప్ప ఏమీ లేవు. మెయిల్ పాస్‌వర్డ్ కరెక్టే, నెట్ బాగానే ఉంది, థండర్‌బర్డ్ తీసేసి మళ్ళీ వేశాను కూడా.

బుధవారం వాయిదా. సార్ పొద్దున్నుంచి నాలుగుసార్లు అడిగారు. చాలా టెన్షన్‌గా ఉంది, ఎవరైనా చెప్పండి.

ఊసుపోక
మూడు చుక్కలంటే మీ క్లయింట్ అలిగినట్టు.

లినక్స్_లింగయ్య
చుక్కల గురించి కంగారు పడకండి. థండర్‌బర్డ్ సబ్జెక్టుని కూడా లోపల దాచి, పైన మూడు చుక్కలు పెడుతుంది. మెయిల్ విప్పగలిగితే అసలు సబ్జెక్టు దానంతట అదే వస్తుంది.

మీ వీడియో పాతది. 2020లో వచ్చిన 78వ వెర్షన్ నుంచి పీజీపీ థండర్‌బర్డ్‌లోనే ఉంది, ఎనిగ్‌మెయిల్ అక్కర్లేదు. ఆ పాత వీడియోలు చూసి ఇప్పటికీ జనం తిప్పలు పడుతూనే ఉన్నారు.

మినపట్టు
తీసేసి మళ్ళీ వేశాను అన్నారుగా, అక్కడే కీ పోయింది. అయిపోయింది మీ పని.

లినక్స్_లింగయ్య
@మినపట్టు తెలియకుండా భయపెట్టొద్దు బ్రదర్. ప్రోగ్రామ్ తీసేసినంత మాత్రాన కీలు పోవు. అవి ప్రొఫైల్ ఫోల్డర్‌లో ఉంటాయి, విండోస్‌లో అయితే యాప్‌డేటా, రోమింగ్, థండర్‌బర్డ్, ప్రొఫైల్స్ అనే వరసలో. ప్రోగ్రామ్ మళ్ళీ వేస్తే పాత ప్రొఫైల్‌నే పట్టుకుంటుంది.

నాగు_నిజామాబాద్
ఇంత తిప్పలెందుకన్నా? జీమెయిల్‌కి ముందే తాళం బొమ్మ ఉంటది గదా. బ్రౌజర్‌లో కూడా తాళం బొమ్మ ఉంటది. ఇంకేం కావాలె ఆ న్యూజెర్సీ సారుకి?

తాళంచెవి
@నాగు_నిజామాబాద్ ఆ తాళం దారికి వేసింది, సరుకుకి కాదు. మీ ఇంటి నుంచి గూగుల్ సర్వర్ దాకా, అక్కడినుంచి అవతలి సర్వర్ దాకా మెయిల్ మూసిన లారీలో వెళ్తుంది. గోడౌన్‌లో దించాక మూత ఉండదు. సర్వర్ నడిపేవాళ్ళకి, మీ పాస్‌వర్డ్ దొరికినవాళ్ళకి అంతా తెరిచిన పుస్తకమే. జీమెయిల్‌లో ఉండే కాన్ఫిడెన్షియల్ మోడ్ కూడా ఇంతే. ఫార్వర్డ్ బటన్ తీసేస్తుంది తప్ప గూగుల్‌కి కనపడకుండా చేయదు.

పీజీపీలో సరుకుకే తాళం వేస్తాం. మీ పబ్లిక్ కీ అంటే తెరిచిపెట్టిన తాళంకప్ప, ఊరందరికీ పంచొచ్చు. ఎవరైనా పెట్టెకి వేసి నొక్కేయొచ్చు. చెవి మాత్రం మీ దగ్గర ఒక్కటే ఉంటుంది. వేసినవాడు కూడా తియ్యలేడు.

@బ్రాడీపేట_జూనియర్ మీరు వాడే కంప్యూటర్ ఒక్కటేనా? ఆఫీసులో ఒకటి, ఇంట్లో ఒకటి ఉంటే, రెండింట్లో విడివిడిగా కీ తయారుచేసుకోవడం అందరూ చేసే తప్పు.

బ్రాడీపేట_జూనియర్
ఒక్కటే సార్. ఆఫీసు డెస్క్‌టాప్. ఇంట్లో మెయిల్ పెట్టుకోలేదు.

తాళంచెవి
సార్ కాదు, మేడమ్. పర్లేదు. తెరుచుకోని మెయిల్ మీద ఉండి, పైన కుడివైపు ఓపెన్‌పీజీపీ అనే బటన్ నొక్కండి. ఆ మెయిల్ ఏ కీ ఐడీకి తాళం వేసి పంపారో అక్కడ ఉంటుంది. తర్వాత టూల్స్ మెనూలో ఓపెన్‌పీజీపీ కీ మేనేజర్ తెరిచి, మీ కీ ఐడీ అదేనా కాదా చూడండి.

రిటైర్డ్_పోస్ట్‌మాస్టర్
నాకు అర్థమైంది ఏంటంటే, ముప్ఫై ఆరేళ్ళు ఉత్తరాలు పంచాను, ఒక్కదానికీ ఇంత తతంగం లేదు. కవరు అంటించేవాళ్ళు, అంతే.

ఊసుపోక
పోస్టు కార్డులు చదవలేదని ప్రమాణం చేయండి బాబాయ్.

రిటైర్డ్_పోస్ట్‌మాస్టర్
కార్డు వేరు, కవరు వేరు. ఆ విషయంలో నేను ప్రమాణాలు చేయను.

తాళంచెవి
బాబాయ్ గారు నవ్వుతూ చెప్పినా అసలు సంగతి అదే. మామూలు మెయిల్ పోస్టు కార్డు. అయితే పీజీపీ పెట్టినా కవరు పైన రాసింది కనపడుతూనే ఉంటుంది. ఎవరు, ఎవరికి, ఎన్నింటికి పంపారు అనేవి దాగవు. అది దాచాలంటే పీజీపీ పనికిరాదు.

బ్రాడీపేట_జూనియర్
మేడమ్, సారీ. చూశాను. మెయిల్‌లో కనపడే ఐడీ, నా దగ్గరున్న కీ ఐడీ వేరువేరుగా ఉన్నాయి! నా కీ అయితే పోయిన శనివారం తయారైనట్టు తేదీ చూపిస్తోంది. ఆయనకు కీ పంపింది అంతకు రెండు వారాల ముందు.

లినక్స్_లింగయ్య
శనివారం ఏం జరిగింది?

మినపట్టు
శనివారం ఏం జరిగింది? (నేను కూడా అడిగినట్టు రికార్డులో ఉండాలి)

బ్రాడీపేట_జూనియర్
సిస్టమ్ బాగా స్లో అయిందని సార్ రిపేర్ షాపుకి ఇప్పించారు. విండోస్ కొత్తగా వేసి ఇచ్చారు. నేను థండర్‌బర్డ్ మళ్ళీ వేసుకుని మెయిల్ పెట్టుకున్నాను. ఎన్‌క్రిప్షన్ సెట్టింగ్స్‌లో కీ లేదంటే, యాడ్ కీ నొక్కి ఇంకోటి చేసుకున్నా. అదే మెయిల్ ఐడీకి కదా, అదే కీ వస్తుంది అనుకున్నాను.

అది ముందే చెప్పాల్సిందా?

లినక్స్_లింగయ్య
తల పట్టుకున్నాను.

సీఏ_సుబ్బు
మా క్లయింట్లు కూడా ఇంతే. అన్నీ చెప్తారు, నోటీసు వచ్చిందన్న సంగతి తప్ప.

తాళంచెవి
మెయిల్ ఐడీ ఒకటే అయినా ప్రతిసారీ పుట్టే కీ వేరు. బజార్లో ఒకే కంపెనీ తాళంకప్ప రెండుసార్లు కొంటే ఒకదాని చెవి ఇంకోదానికి పట్టదుగా. మీ క్లయింట్ దగ్గర మీ మొదటి కప్ప ఉంది, దానితోనే వేస్తున్నారు. దాని చెవి ఫార్మాట్‌లో పోయింది.

ఇప్పుడు రెండు దారులు. ఒకటి, కొత్త పబ్లిక్ కీ ఆయనకు పంపి, మూడు మెయిల్స్ మళ్ళీ పంపమని అడగడం. రెండు, పాత కీ ఎక్కడైనా మిగిలి ఉంటే తెచ్చుకోవడం. అదృష్టం ఉండి కీ ఎక్స్‌పోర్ట్ చేసి ఎక్కడైనా దాచారా? ఏఎస్‌సీ ఫైల్ ఏదైనా?

బ్రాడీపేట_జూనియర్
లేదు మేడమ్. వీడియోలో బ్యాకప్ గురించి చివర్లో ఉందేమో, అంతదాకా చూడలేదు.

ఆయన్ని మళ్ళీ పంపమని అడిగితే నా మీద ఉన్న కాస్త నమ్మకం కూడా పోతుంది. అసలే సార్‌తో "మీ జూనియర్‌కి చేతనవుతుందా" అన్నారట.

మెయిల్_వద్దు_మహాప్రభో
అందుకే చెప్తున్నా, మెయిల్ వదిలేయండి. సిగ్నల్ అనే మెసేజింగ్ యాప్ పెట్టుకోండి, ఐదు నిమిషాల పని. కీలు, కప్పలు, చెవులు, ఈ గోల ఏమీ ఉండదు. పీజీపీని ఫిల్ జిమ్మర్‌మన్ రాసింది 1991లో. అప్పటికి మన దేశంలో సామాన్యుడి ఇంట్లో ఇంటర్నెట్టే లేదు. 1999లో అమెరికాలో ఇద్దరు పరిశోధకులు 12 మందిని కూర్చోబెట్టి, 90 నిమిషాల టైమిచ్చి, పీజీపీలో ఒక మెయిల్ పంపమన్నారు. ముగ్గురు రహస్యాన్ని తాళం వేయకుండానే పంపేశారు. అప్పటినుంచి ఇప్పటికి మారింది బటన్ల రంగే.

లినక్స్_లింగయ్య
మారింది బటన్ల రంగే అంటే ఒప్పుకోను. ఇప్పుడు అవతలివాళ్ళ కీ లేకపోతే థండర్‌బర్డ్ ఎన్‌క్రిప్ట్ చేసి పంపనే పంపదు, ముందు కీ తెచ్చుకో అంటుంది. ఎనిగ్‌మెయిల్ రోజుల్లో జీఎన్‌యూపీజీ అనే ఇంకో ప్రోగ్రామ్ విడిగా వేసి, రెండింటికీ పెళ్ళి చేసి, కాపురం నిలబడిందో లేదో చూడాల్సి వచ్చేది.

మెయిల్_వద్దు_మహాప్రభో
అయినా ఒక పెద్ద లోపం అలాగే ఉంది. సిగ్నల్‌లో తాళాలు ఎప్పటికప్పుడు మారిపోతుంటాయి. ఈ రోజు కీ దొంగ చేతికి చిక్కినా నిన్నటి మెసేజ్ తెరుచుకోదు. పీజీపీలో ఒక్క చెవి పోతే పదేళ్ళ మెయిల్స్ మొత్తం పోయినట్టే. కాదంటారా?

తాళంచెవి
కాదనను. అది నిజం. లాయరూ క్లయింటూ మాట్లాడుకోవడానికైతే నేనూ సిగ్నలే చెప్పేదాన్ని.

బ్రాడీపేట_జూనియర్
నేనూ అడిగాను సార్. మా సీనియర్ గారికి ప్రతిదీ మెయిల్‌లో ఉండాలి. ఏ తేదీన ఏ కాగితం వచ్చింది, ఎవరు పంపారు, అన్నీ వరసగా ఒకచోట ఉండాలంటారు. రెండేళ్ళ తర్వాత క్రాస్ ఎగ్జామినేషన్‌లో "ఈ డ్రాఫ్ట్ మీకెప్పుడు అందింది" అంటే ఫోన్ తీసి వెతుక్కోలేం కదా. పైగా క్లయింట్ లాయర్‌కి చెప్పుకున్నది బయటికి రాకూడదని చట్టమే చెప్తోంది. పాత సాక్ష్య చట్టంలో 126వ సెక్షన్, 2024 జూలై నుంచి భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 132. సార్ ఈ నంబర్లు నిద్రలో కూడా చెప్తారు. పాస్‌వర్డ్ మాత్రం మానిటర్ మీద కాగితం అంటించుకుంటారు.

సీఏ_సుబ్బు
నాకో డౌటు. మా దగ్గర డీఎస్‌సీ (డిజిటల్ సంతకం) డాంగిల్స్ ఉంటాయి కదా, ఇన్‌కమ్ ట్యాక్స్‌కీ, ఎంసీఏకీ (కంపెనీ వ్యవహారాల శాఖ) వాడేవి. దాంతోనే మెయిల్‌కి తాళం వేయలేమా? ఎస్/మైమ్ అంటారట, అది కూడా థండర్‌బర్డ్‌లో ఉంది.

లినక్స్_లింగయ్య
ఉంది. కానీ మీ డాంగిల్‌లో మామూలుగా ఉండేది సంతకం చేసే సర్టిఫికెట్. తాళం వేయడానికి ఎన్‌క్రిప్షన్ సర్టిఫికెట్ అని విడిగా కొనుక్కోవాలి. ఇద్దరి దగ్గరా ఉండాలి. న్యూజెర్సీ ఆయన ఇప్పుడు ఎక్కడికని పోతాడు?

అవునూ, ఆ డాంగిల్స్ ఎవరి దగ్గరుంటాయి సుబ్బు గారూ? క్లయింట్ల దగ్గరా, మీ టేబుల్ సొరుగులోనా?

సీఏ_సుబ్బు
ఈ ప్రశ్న చర్చకు సంబంధం లేనిది.

ఊసుపోక
సొరుగులో. ఒక్కోదానికీ పేరు రాసిన స్టిక్కర్‌తో. పిన్ నంబర్ కూడా అదే స్టిక్కర్ మీద. మా నాన్నది కూడా అక్కడే ఉంది.

వనస్థలిపురం_వాణి
పాపం ఆయన్ని వదిలేయండి. జూనియర్ గారూ, మీరు కుంగిపోవాల్సిన పనిలేదు. 2012 చివర్లో, అమెరికా నిఘా రహస్యాలు బయటపెట్టిన స్నోడెన్, జర్నలిస్టు గ్లెన్ గ్రీన్‌వాల్డ్‌కి మెయిల్ పెట్టి పీజీపీ పెట్టుకోమన్నాడు. ఆయన కోసం వీడియో కూడా తయారుచేశాడు. గ్రీన్‌వాల్డ్ ఇవాళ రేపు అంటూ పెట్టుకోనేలేదు. చివరికి స్నోడెన్ డాక్యుమెంటరీలు తీసే లారా పోయిట్రాస్ దగ్గరికి వెళ్ళాడు, ఆవిడకి ఆ విద్య ముందే వచ్చు. ఆ పేరున్న జర్నలిస్టు కంటే మీరు ఎన్నో మెట్లు పైనున్నారు.

ఇంతకీ రిపేర్ షాపువాళ్ళు ఫార్మాట్ చేసే ముందు డేటా కాపీ తీశారా? మామూలుగా తీస్తారు కదా.

తాళంచెవి
వాణి గారు అసలైన ప్రశ్న అడిగారు. యూజర్స్ ఫోల్డర్ మొత్తం కాపీ చేసి ఉంటే అందులో యాప్‌డేటా కూడా వచ్చి ఉంటుంది. అది హిడెన్ ఫోల్డర్, మామూలుగా కనపడదు, వ్యూ మెనూలో హిడెన్ ఐటమ్స్ టిక్ పెట్టి చూడండి.

బ్రాడీపేట_జూనియర్
డీ డ్రైవ్‌లో ఓల్డ్ సిస్టమ్ అని ఫోల్డర్ పెట్టి ఇచ్చారు! కానీ అందులో డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ మాత్రమే ఉన్నాయి. హిడెన్ టిక్ పెట్టినా ఇంకేమీ లేవు.

షాపుకి ఫోన్ చేస్తున్నా, ఉండండి.

మినపట్టు
పాప్‌కార్న్ తెచ్చుకుంటా.

బ్రాడీపేట_జూనియర్
మాట్లాడాను. "సీ డ్రైవ్ మొత్తం మా హార్డ్ డిస్క్‌లో కాపీ ఉంది, మీకు కావాల్సినవే వేసిచ్చాం. నెల రోజులు ఉంచుతాం, తర్వాత తీసేస్తాం" అన్నారు. పెన్‌డ్రైవ్ తీసుకుని వెళ్తున్నా. దేవుడున్నాడు!

రిటైర్డ్_పోస్ట్‌మాస్టర్
శుభం. పిల్లవాడు గట్టెక్కాడు.

తాళంచెవి
ఆగండి. థండర్‌బర్డ్‌లో ప్రైమరీ పాస్‌వర్డ్ పెట్టుకున్నారా? మెయిల్ పాస్‌వర్డ్ కాదు. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీలో విడిగా ఉంటుంది, థండర్‌బర్డ్ తెరిచినప్పుడల్లా అడుగుతుంది.

బ్రాడీపేట_జూనియర్
లేదు మేడమ్. ఎప్పుడూ ఏదీ అడగలేదు. క్లిక్ చేస్తే తెరుచుకునేది.

లినక్స్_లింగయ్య
అయితే సంతోషించడం కొంచెం ఆపాలి.

తాళంచెవి
కాస్త వివరంగానే చెప్తాను, ఇది చాలామందికి తెలియదు.

థండర్‌బర్డ్ మీ సీక్రెట్ కీని ఉత్తినే పడేయదు. సెక్‌రింగ్ అనే ఫైల్‌లో పెట్టి, దానికి తనే ఒక పెద్ద పాస్‌వర్డ్ పుట్టించి తాళం వేస్తుంది. ఆ పాస్‌వర్డ్‌ని ఇంకో ఫైల్‌లో దాస్తుంది. దానికీ తాళం వేసి, ఆ తాళంచెవిని కీ4 అనే డేటాబేస్ ఫైల్‌లో పెడుతుంది. మూడు ఫైళ్ళూ ఉండేది ఒకే ఫోల్డర్‌లో. ప్రైమరీ పాస్‌వర్డ్ పెట్టుకుంటే ఆ చివరి తాళం మీ తలలో ఉన్నట్టు. పెట్టకపోతే, ఇంటికి మూడు తాళాలు వేసి చెవులన్నీ గుమ్మం పక్కన తులసికోటలో పెట్టినట్టు. ఆ ఫోల్డర్ కాపీ ఉన్న ఎవరైనా తమ కంప్యూటర్‌లో పెట్టుకుని థండర్‌బర్డ్ తెరిస్తే, అది మీ థండర్‌బర్డే.

అంటే, ఏ దారిలో మీకు కీ తిరిగొస్తోందో, అదే దారిలో మీ కీ శనివారం నుంచి ఇంకొకరి దగ్గర ఉంది. కీ ఒక్కటే కాదు. మెయిల్ లాగిన్ కూడా అదే ఫోల్డర్‌లో ఉంటుంది. మొదటి వారం వచ్చిన మెయిల్స్ కాపీలు కూడా అందులో ఉండొచ్చు.

ఊసుపోక
దొంగ చేతికి తాళాలివ్వడం అంటే విన్నాను. తాళాలిచ్చి, బిల్లు కట్టి, రసీదు కూడా తెచ్చుకున్నారు.

నాగు_నిజామాబాద్
షాపాయన్ని దొంగ అనుడు తప్పన్నా. వాళ్ళకి రోజుకి ఇరవై సిస్టమ్‌లు వస్తయి, ఎవరి మెయిల్ ఎవడు చూస్తడు? నేను నాలుగేళ్ళు ఆ పనే చేసిన. ఫార్మాట్ చేసే ముందు మొత్తం కాపీ తీసుడు మంచితనం, లేకపోతే కస్టమర్ తర్వాత వచ్చి లొల్లి చేస్తడు.

తాళంచెవి
@నాగు_నిజామాబాద్ మీరన్నది న్యాయమే. ఆయన మంచివాడే అయ్యుండొచ్చు, ఆ కాపీ వల్లే ఇప్పుడు పని జరుగుతోంది. కానీ ఆ డిస్క్ రేపు ఎవరి చేతికి పోతుందో ఆయనకు మాత్రం తెలుసా? కీ ఒకసారి బయటికి వెళ్ళిందంటే అది పోయినట్టే లెక్క.

జూనియర్ గారూ, షాపుకి వెళ్ళే ముందే మెయిల్ పాస్‌వర్డ్ మార్చండి. జీమెయిల్ అయితే, ఎందుకైనా మంచిది, గూగుల్ అకౌంట్ సెక్యూరిటీ పేజీలోకి వెళ్ళి థండర్‌బర్డ్‌కి ఇచ్చిన యాక్సెస్ కూడా తీసేయండి. థండర్‌బర్డ్ దాచుకునేది పాస్‌వర్డ్ కాదు, గూగుల్ ఇచ్చిన అనుమతి టోకెన్. తర్వాత మీ సిస్టమ్‌లో మళ్ళీ లాగిన్ అవ్వండి. షాపులో థండర్‌బర్డ్ ప్రొఫైల్ ఫోల్డర్ మొత్తం కాపీ చేసుకోండి, ఒక్కో ఫైల్ ఏరుకోవద్దు. వాళ్ళ డిస్క్‌లో ఉన్నది మీ ఎదురుగానే తీసేయమనండి.

లినక్స్_లింగయ్య
ఆఫీసుకొచ్చాక థండర్‌బర్డ్ మూసేసి, విండోస్ రన్ పెట్టెలో థండర్‌బర్డ్ పేరు పక్కన హైఫన్, పెద్ద పీ అక్షరం కొట్టండి. ప్రొఫైల్ ఎంచుకునే కిటికీ వస్తుంది. క్రియేట్ ప్రొఫైల్ నొక్కి, చూజ్ ఫోల్డర్‌లో పాత ఫోల్డర్ చూపించండి. అందులోకి వెళ్ళి కీ మేనేజర్‌లో పాత కీ మీద రైట్ క్లిక్ చేసి, సీక్రెట్ కీ బ్యాకప్ తీసుకోండి. ఒక పాస్‌వర్డ్ అడుగుతుంది, గట్టిది ఇవ్వండి. ఆ ఫైల్‌ని కొత్త ప్రొఫైల్‌లో ఇంపోర్ట్ చేసి, ఇది నా పర్సనల్ కీ అని టిక్ పెట్టండి. మూడు మెయిల్స్ తెరుచుకోవాలి.

వనస్థలిపురం_వాణి
పాస్‌వర్డ్ సంగతి వచ్చింది కాబట్టి. తెలుగులో ఒక వాక్యం పెట్టుకుంటే ఎవరూ ఊహించలేరు కదా? నేను అలాగే పెడదామనుకుంటున్నా.

పొల్లు_పరిశోధకుడు
అయ్యో, పెట్టకండి! అనుభవంతో చెప్తున్నా. తెలుగు లిపిలో పాస్‌వర్డ్ పెట్టి ఒక హార్డ్ డిస్క్‌కే దూరమయ్యాను.

థండర్‌బర్డ్ అన్న మాటే చూడండి. మొదటి పొల్లు ర్ తర్వాత కంటికి కనపడని అక్షరం ఒకటి ఉంటుంది. అది లేకపోతే ర్‌కి కింద బ వత్తు వచ్చి కూర్చుంటుంది. ఒక కీబోర్డు దాన్ని తనే వేస్తుంది, ఇంకోటి వేయదు. పాస్‌వర్డ్ పెట్టెలో చుక్కలే కనపడతాయి కాబట్టి అది పడిందో లేదో మీకు తెలియదు. పైగా చాలా పాస్‌వర్డ్ పెట్టెల్లో ఇంగ్లిష్ అక్షరాలు కొడితే తెలుగు వచ్చే కీబోర్డులు పనే చేయవు.

తెలుగు మాటలే ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకోండి, మీకు అలవాటైన స్పెల్లింగ్‌లో. ఒకదానికొకటి సంబంధం లేని ఆరేడు మాటలు. వేమన పద్యం, సినిమా పాట పల్లవి వద్దు, అవి అందరికీ తెలుసు.

మినపట్టు
గోంగూర, ట్రాన్స్‌ఫార్మర్, పెదనాన్న, శివరాత్రి, చెప్పులు, తహసీల్దారు. ఎలా ఉంది?

పొల్లు_పరిశోధకుడు
చాలా బాగుంది. ఇక్కడ రాయకుండా ఉంటే ఇంకా బాగుండేది.

కాలమ్_రాసేవాడు
అందరూ టెక్నాలజీ చెప్తున్నారు, చట్టం ఎవరూ చెప్పట్లేదు. ఇవన్నీ పెట్టుకుంటే పోలీసులు అనుమానించరా? ఎన్‌క్రిప్షన్ మన దేశంలో నేరం అని ఎక్కడో చదివాను.

బ్రాడీపేట_జూనియర్
(షాపు బయట కూర్చుని రాస్తున్నా, ఆయన టీకి వెళ్ళారు.) ఇది నాకు తెలిసిన సబ్జెక్ట్. నేరం కాదు సార్. 2015 సెప్టెంబరులో కేంద్రం ఒక ముసాయిదా తెచ్చింది. ఎన్‌క్రిప్ట్ చేసిన ప్రతి మెసేజ్‌ని 90 రోజుల పాటు మామూలు రూపంలో కూడా దాచి ఉంచాలన్నారు. గగ్గోలు పుట్టి వెంటనే వెనక్కి తీసుకున్నారు. మీరు చదివింది ఆ గొడవ అయ్యుండొచ్చు. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు గోప్యత ప్రాథమిక హక్కు అంది.

కానీ ఐటీ చట్టం 69వ సెక్షన్ ఉంది. ఆ సెక్షన్ కింద పద్ధతి ప్రకారం ఆర్డర్ ఇచ్చి విప్పమంటే సహకరించాలి, నిరాకరిస్తే ఏడేళ్ళ దాకా జైలు. తాళం వేసుకోవడం తప్పు కాదు, అంతే.

సీఏ_సుబ్బు
చూశారా, తన రంగంలోకి రాగానే ఎంత ధీమాగా ఉన్నారో!

మెయిల్_వద్దు_మహాప్రభో
నాదొక చివరి మాట. 2018లో ఈఫెయిల్ అని బయటపడింది గుర్తుందా? తాళం వేసిన మెయిల్‌ని మధ్యలో పట్టుకుని, చుట్టూ హెచ్‌టీఎంఎల్ (వెబ్ పేజీల కోడ్) చుట్టి పంపితే, మీ మెయిల్ ప్రోగ్రామే దాన్ని విప్పి, బొమ్మ తెచ్చుకునే నెపంతో అవతలివాడి సర్వర్‌కి చేరవేసేది. తాళం పగలకుండానే సరుకు పోయింది.

లినక్స్_లింగయ్య
గుర్తుంది, సరిచేశారు కూడా. అయినా జాగ్రత్త కావాలంటే వ్యూ మెనూలో మెసేజ్ బాడీ యాజ్ అన్నచోట ప్లెయిన్ టెక్స్ట్ పెట్టుకోండి. లాయర్ ఆఫీసుకి రంగురంగుల మెయిల్స్ ఎందుకు?

బ్రాడీపేట_జూనియర్
తెరుచుకున్నాయి!!! మూడూ!!! జీపీఏ డ్రాఫ్ట్, పాస్‌పోర్ట్, బ్యాంకు స్టేట్‌మెంట్లు, అన్నీ వచ్చాయి. లింగయ్య గారు, మేడమ్, వాణి గారు, మీ ముగ్గురికీ గుంటూరు వస్తే భోజనం నాది.

షాపాయన నా ముందే తీసేశారు. "ఏంటి సార్ అంత సీక్రెట్" అని నవ్వారు.

ఇప్పుడు పాత కీనే వాడుకోవచ్చా, లేక మార్చాలా?

తాళంచెవి
మార్చాలి. కీ మేనేజర్‌లో పాత కీ మీద రైట్ క్లిక్ చేసి రివోక్ చేయండి. డిలీట్ మాత్రం చేయొద్దు! రివోక్ అంటే ఇకమీదట ఈ కప్ప ఎవరూ వాడొద్దని చాటింపు వేయడం. పాత మెయిల్స్ తెరవడానికి ఆ చెవి మీకు ఎప్పటికీ కావాలి. రివోక్ అయిన పబ్లిక్ కీని మీ క్లయింట్‌కి పంపితేనే ఆ సంగతి ఆయన థండర్‌బర్డ్‌కి తెలుస్తుంది, లేకపోతే ఆయన పాత కప్పే వేస్తూ పోతారు.

శనివారం చేసిన కీ ఎలాగూ ఉంది, అదే వాడుకోండి. ముందు ప్రైమరీ పాస్‌వర్డ్ పెట్టండి. కీ గడువు మామూలుగా మూడేళ్ళు ఉంటుంది, అయిపోయినప్పుడు గడువు పొడిగించండి, దయచేసి ఇంకో కీ చేయకండి. బ్యాకప్ ఫైల్ పెన్‌డ్రైవ్‌లో వేసి ఆఫీసు బీరువాలో పెట్టండి.

ఆఖరుది, ఎవరూ చేయనిది. వీడియో కాల్‌లో ఆయనా మీరూ ఒకరికొకరు ఫింగర్‌ప్రింట్ (వేలిముద్ర కాదు, కీకి ఉండే గుర్తింపు సంఖ్య) చదివి సరిచూసుకోండి. 40 అక్షరాలు, నాలుగేసి చొప్పున పది ముక్కలు. మీ పేరుతో ఎవరైనా కీ చేసి ఆయనకు పంపొచ్చు కదా, ఆ తేడా దీంతోనే తెలుస్తుంది. మెయిల్‌లో పంపి సరిచూసుకుంటే లాభం లేదు.

రిటైర్డ్_పోస్ట్‌మాస్టర్
రిజిస్టర్ పోస్టుకి అక్‌నాలెడ్జ్‌మెంట్ కార్డులాంటిదన్నమాట.

బ్రాడీపేట_జూనియర్
చేశాం మేడమ్. ఆయన అక్కడ పొద్దున్నే కాఫీ తాగుతూ, నేను ఇక్కడ సాయంత్రం. "బీ ఫర్ బాపట్ల, డీ ఫర్ దుగ్గిరాల, ఎఫ్ ఫర్ ఫిరంగిపురం" అని చదువుకున్నాం. ఎఫ్ దగ్గర ఆయన ఆగిపోయారు, వాళ్ళ అమ్మమ్మ గారిది ఫిరంగిపురమేనట. పది నిమిషాలు ఆ ఊరి కబుర్లే. మొదటిసారి నాతో నవ్వుతూ మాట్లాడారు.

ఫార్మాట్ సంగతి, షాపు సంగతి కూడా దాచకుండా చెప్పేశాను. కోప్పడతారనుకున్నా. "చెప్పావు కాబట్టి సరే" అన్నారు.

వనస్థలిపురం_వాణి
చాలా సంతోషం. మీ సీనియర్ గారు ఏమన్నారు?

బ్రాడీపేట_జూనియర్
ఆయనకు స్క్రీన్ మీద చదవడం ఇష్టం ఉండదు కదా, అన్నీ ప్రింట్ తీయించమన్నారు. మా ప్రింటర్‌లో టోనర్ అయిపోయింది. గుమాస్తా పెన్‌డ్రైవ్‌లో వేసుకుని కింద జిరాక్స్ షాపుకి తీసుకెళ్ళాడు.

తాళంచెవి
ఏమేం వేసుకెళ్ళాడు?

బ్రాడీపేట_జూనియర్
పాస్‌పోర్ట్, స్టేట్‌మెంట్లు, జీపీఏ. అన్నీ.

లినక్స్_లింగయ్య
ఏ పెన్‌డ్రైవ్? కీ బ్యాకప్ ఉన్నదేనా?

బ్రాడీపేట_జూనియర్
మెట్లు దిగుతున్నా.